ఎండాకాలం కూలి ఎవరి చేతికి?

వనపర్తిలో అర్థశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరర్ ఒకరు 2025 మే నెలలో ఒక అర్జీ రాశారు, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఇవ్వడానికి. వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల జిల్లాల్లో డిగ్రీ, పాలిటెక్నిక్ చదివే పిల్లలకు వేసవి సెలవుల్లో ఉన్నచోటే పని చూపించే యజమానులకు, ఆ కూలిలో సగం ప్రభుత్వం ఇవ్వాలన్నది అందులోని కోరిక. ఆయన మేనకోడలు గట్టు మండలంలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు. అర్జీ మొత్తం చదివి, పెన్ను పక్కన పెట్టింది. ఆ పూట వాళ్ల మధ్య జరిగిన వాదన ఇది. నన్ను కూడా సంతకం అడిగారు కాబట్టి మొదటి నుంచి చివరిదాకా శ్రద్ధగా విన్నాను.

మామ: సంతకం పెట్టలేదేం బిడ్డా?

కోడలు: సగం కూలి సర్కారు భరించాలె అని రాసినవు. ఆ సగం ఎవరి చేతికి పోతది మామా? పిల్లగాని చేతికా, వాణ్ని పనికి పెట్టుకున్న సేటు చేతికా?

మామ: సేటు చేతికే. వాడు పిల్లగానికి పూర్తి కూలి కట్టి, సగం సర్కారు దగ్గర వసూలు చేసుకుంటడు. ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. కెనడాలో 15 నుంచి 30 ఏండ్ల వాళ్లకు ఇట్లనే ఎండాకాలం పని ఇస్తరు. యాభై మంది లోపు పనివాళ్లున్న చిన్న వ్యాపారి అయితే కనీస వేతనంలో సగం దాకా ప్రభుత్వం ఇస్తది. లాభం కోసం నడవని సంస్థ అయితే మొత్తం కూలి ప్రభుత్వానిదే. న్యూయార్క్ నగరం 1963 నుంచి ఎండాకాలం పిల్లలకు పని చూపిస్తున్నది. అక్కడ అర్జీలు ఎక్కువై లాటరీ తీస్తరు.

కోడలు: సేటుకు మనిషి అవసరమైతే వాడే పెట్టుకుంటడు కదా. మధ్యల సర్కారు సాయం ఎందుకు?

మామ: పెట్టుకోడు. నేను ఏండ్ల తరబడి చూసిందే చెప్తున్న. సెకండియర్ పిల్లగాడు మిల్లు దగ్గరికి పోయి రెండు నెలల పని ఉందా అంటే, సేటు ఏమంటడు? వీనికి నేర్పేసరికి సీజన్ అయిపోతది, నేర్చుకున్నంక వీడు కాలేజీకి పోతడు, నాకేం మిగుల్తది అంటడు. అది దుర్మార్గం కాదు, వాని లెక్క. ఆ నేర్పే ఖర్చు సర్కారు భరిస్తే వాని లెక్క మారుతది. మన వనపర్తి సంగతే చూడు. రాజావారి మహల్ల పుట్టిన కృష్ణదేవరాయ పాలిటెక్నిక్ 1959 నుంచి ఉన్నది. ఎన్ని తరాల పిల్లలు మోటారు విప్పి బిగించడం అక్కడ నేర్చుకున్నరు! మన చుట్టూ భీమా, నెట్టెంపాడు, కల్వకుర్తి ఎత్తిపోతల మోటార్లు తిరుగుతనే ఉన్నయి. జిన్నింగు మిల్లులు, పల్లినూనె మిల్లులు, విత్తనాల ప్లాంట్లు, రైస్ మిల్లులు ఉన్నయి. అయినా పరీక్ష రాసిన తెల్లారే మన పోరగాళ్లు హైదరాబాద్ బస్సెక్కుతరు. ఫంక్షన్ హాల్ల ప్లేట్లు మోస్తరు, గోదాముల్ల డబ్బాలు మోస్తరు, బండి మీద పార్సిళ్లు తిప్పుతరు. చదువుకూ పనికీ ఎక్కడన్నా పొత్తు ఉన్నదా?

కోడలు: మిల్లులు, మోటార్లు చెప్పినవు. మా నడిగడ్డల, అంటే గద్వాల దిక్కు, అందరికన్నా ఎక్కువ మందికి పని ఇచ్చేది ఏందో చెప్పలేదు. సీడు పత్తి. నీ అర్జీ పాసైతే అందరికన్నా ముందు సబ్సిడీ ఫారం నింపేది కంపెనీల కోసం రైతులతోటి విత్తనం పండించే సీడు ఆర్గనైజర్లే.

మామ: నేను డిగ్రీ పిల్లలని రాసిన. సీడు పత్తి అని నువ్వు బడికి పోయే చిన్నపిల్లలను తెస్తున్నవు.

కోడలు: తెస్త. ఎందుకంటే నా క్లాసు ఆ చేన్లనే ఖాళీ అయితది. క్రాసింగు పని నువ్వు దూరంనుంచి చూసినవు, నేను చేసిన. రేపు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రం పట్టి, గోటితో పొర తీసి, పుప్పొడి భాగం గిల్లేస్తం. మళ్ల దొరకాలని గుర్తు పెడతం. తెల్లారి మగచేన్ల పూలు తెంపుకొచ్చి, ఎండ ముదరకముందే ఒక్కొక్క మొగ్గకూ రాస్తం. మిషన్ లేదు, మందు లేదు, అంతా చేతి పని. ఎకరానికి అయ్యే ఖర్చుల కూలిదే పెద్ద వాటా. అందుకే ఎవరి చెయ్యి అగ్గువైతే వాళ్ల చెయ్యి కావాలె. దావులూరి వెంకటేశ్వర్లు గారు 2000 ప్రాంతం నుంచి ఈ చేన్ల మీద అధ్యయనాలు చేసి, పనిచేసే పిల్లల్ల ఆడపిల్లలే ఎక్కువని రాసిండు. శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు బడికి పోని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నరు. ఆ మాటకు ఇంకో అర్థం చెప్పొద్దు అన్నరు. అట్ల పట్టుబట్టినందుకే కొంతన్నా తగ్గింది.

మామ: తగ్గింది కదా మరి.

కోడలు: తగ్గింది, పోలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి గద్వాల జిల్లా హద్దుల్ల చదవడం రాయడం వచ్చినోళ్లు సగం మంది కూడా లేరు. చట్టం చూడు. 1986 బాలకార్మిక చట్టాన్ని 2016ల సవరించి, 14 ఏండ్ల లోపు పిల్లలను ఏ పనిల పెట్టొద్దన్నరు. మంచిది. కానీ బడి అయినంక, సెలవుల్ల, సొంత కుటుంబం పనిల సాయం చేస్తే తప్పు లేదన్నరు. కుటుంబం అంటే తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లే కాదు, మేనత్త, మేనమామ, చిన్నాయిన, పిన్ని కూడా లెక్కల ఉన్నరు. ఊర్ల చుట్టరికం కానిదెవరు మామా? ఏ చేనుకాడ అడిగినా మా పిన్ని చేను అంటరు. సెలవుల పని అని మొదలుపెట్టిన పని సెలవులతో ఆగదు. ఎండాకాలం చేను తయారు చేయడానికి, విత్తడానికి పోయిన పిల్ల ఇంటికి అడ్వాన్సు వస్తది. జూన్ 12న బడి తెరుస్తం. జులై, ఆగస్టు, సెప్టెంబర్ క్రాసింగు కాలం. అడ్వాన్సు తీసుకున్న ఇల్లు ఆ పిల్లను బడికెట్ల పంపుతది?

ఇక్కడ ఆయన కాసేపు మాట్లాడలేదు. గట్టు, ధరూర్, మల్దకల్, అయిజ దిక్కు ఊళ్లల్లో సెప్టెంబర్ నెలలో బడి హాజరు పట్టీ చూసిన ఎవరికైనా ఆమె మాట కొత్త కాదు. వేసవి పని, బాలల పని వేరువేరు సమస్యలని నగరంలో కూర్చుని అనుకోవచ్చు. నడిగడ్డలో ఆ రెండింటినీ విడదీసేది ఒక్క పుట్టిన తేదీ మాత్రమే, దాన్ని కూడా ఎవరో ఒకరు కాగితం చూసి పట్టుకోవాలి.

మామ: పుట్టిన తేదీ పట్టుకునే యంత్రాంగం ఇప్పటికే ఉన్నది బిడ్డా. ఉపాధి హామీ. 18 నిండితేనే జాబ్ కార్డుల పేరు ఎక్కుతది. చదువుతున్నవా లేదా అని ఆ చట్టం అడగదు. మన పాలమూరు, అదే పాత మహబూబ్‌నగర్ జిల్లా, 2006ల మొదటి విడత 200 జిల్లాల్ల ఒకటి. ఎండాకాలం ఏ ఊరికి పోయినా కాలువ పూడిక తీసేకాడ డిగ్రీ పిల్లలు కనిపిస్తరు. పొద్దున ఆరింటికి పోయి పదకొండుకు ఇల్లు చేరుతరు. ఈ సంవత్సరం రోజు కూలి 307 రూపాయలు. ఎవరూ పేరు పెట్టకుండనే ఇది మన పిల్లల ఎండాకాలం పని పథకం అయ్యింది.

కోడలు: అయ్యింది. కానీ ఏడాదికి ఇచ్చే వంద రోజులు ఇంటికి. మనిషికి కాదు. కొడుకు ముప్పై రోజులు పోతే ఆ ముప్పై అమ్మ లెక్కలనే తగ్గుతయి.

మామ: వంద రోజులు పూర్తి చేసుకునే ఇండ్లు ఎన్ని? సగానికి సగం వాడకుండ పోతున్నయి.

కోడలు: పని అడిగితే ఇయ్యక పోతున్నయి. అది వేరే సంగతి. ఇంకొకటి. పాలిటెక్నిక్‌ల సర్వే నేర్చుకున్న పిల్లగానికి అక్కడ పార ఇస్తరు. పార పట్టడం తక్కువ పని అని నేను అనను. మా నాయిన పారతోనే నన్ను చదివించిండు. కానీ చదువుకూ పనికీ పొత్తు లేదని హైదరాబాద్ పనిని తప్పుపట్టినవు, ఈడ పార పని చూసి పథకం అంటున్నవు. ఒక్క కొలబద్ద పెట్టు మామా.

మామ: సరే, ఒక్కటే పెడత. ఉపాధి హామీల పార పని ఒక్కటే లేదు. కొలతలు తీసేది, మస్టరు రాసేది, పని ప్రదేశం చూసుకునేది ఉన్నది. కూలీల ఇండ్లల్ల పదో తరగతి పాసైనోళ్లకు మూడు నెలల ట్రైనింగు ఇచ్చి, ఇంజనీరింగ్ పనుల సాయానికి పెట్టుకునే ఏర్పాటు కేంద్రమే చేసింది. బేర్‌ఫుట్ టెక్నీషియన్లు అంటరు. అంతకన్నా పెద్ద ముచ్చట సామాజిక తనిఖీ. ఉమ్మడి రాష్ట్రంల 2006ల మొదలైంది, 2009ల దానికోసమే సొసైటీ పెట్టిన్రు. కూలి ఇండ్లల్ల చదువుకున్న పిల్లలను పట్టుకొచ్చి, నేర్పించి, సొంత ఊరికి కాకుండ పక్క ఊరికి పంపిన్రు. మస్టరు కాగితం పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి, అవ్వా నీ పేరు మీద ఇన్ని రోజులు రాసిన్రు, ఇంత కూలి వచ్చిందన్నరు, నిజమేనా అని అడిగిన్రు. చెరువుకాడికి పోయి టేపు పట్టి కట్ట కొలిచిన్రు. ఊరి సభల చదివిన్రు, మండలంల ప్రజావేదిక పెట్టి అధికారుల ముందర చదివిన్రు. ఆ పని చేసిన రోజుకు సర్కారు పైసలు ఇచ్చింది. మన దేశంల చదువుకున్న పల్లె పిల్లలకు సర్కారు కూలి ఇచ్చి చేయించిన పనుల్ల ఇంత విలువైనది నాకు ఇంకొకటి కనపడలేదు.

కోడలు: నేనూ ఒప్పుకుంట. కానీ నువ్వు చెప్పిన ఆ పనిల సేటు ఎక్కడున్నడు? లేడు. సర్కారే పని ఇచ్చింది, పిల్లగాని ఖాతాకే పైసలు పోయినయి. నీ అర్జీల రాసింది వేరే.

మామ: సేటు అంటేనే నీకు కోపం.

కోడలు: కోపం కాదు, అనుమానం. ఆ అనుమానానికి కారణం చెప్త. గద్వాల చీర తీసుకో. పత్తి నేత ఒడలు, పట్టు అంచు, రెండూ మగ్గం మీదనే కలిపి నేస్తరు. అక్కడ కండెలు చుట్టే పని ముసలోళ్లది, విధవరాండ్లది. రేపు నీ సబ్సిడీతోటి సగం కూలికి కాలేజీ పిల్ల దొరికితే, మాస్టర్ వీవరు ఆ ముసలవ్వను రెండు నెలలు రావొద్దంటడు. కొత్త పని పుట్టలేదు, ఉన్న పని చేతులు మారింది. సర్కారు పైసలతోటి ఒక పేదరాలి నోటి కూడు ఇంకొక పేద పిల్లకు ఇచ్చినట్టయితది.

మామ: అది నిజమే. అర్థశాస్త్రంల కూడా ఈ సందేహం పాతదే. సబ్సిడీ లేకున్నా జరిగే పనికే సబ్సిడీ పోతదని, పాత పనివాళ్లను తీసేసి కొత్తోళ్లను పెట్టుకుంటరని ప్రతి దేశంల వాదన ఉన్నది. అందుకే కొన్నిచోట్ల ఇంతకుముందు లేని పని అయితేనే పైసలిస్తం అని షరతు పెడతరు.

కోడలు: ఆ షరతు గద్వాలల ఎవరు చూస్తరు?

జవాబు చెప్పలేని ప్రశ్న అది. కార్మిక శాఖలో ఉన్న కొద్దిమంది అధికారులు మూడు జిల్లాల మిల్లులు, మగ్గాలు, చేన్లు తిరిగి ఎవరు కొత్తగా చేరారో, ఎవరు మానేశారో రాసుకుంటారని నమ్మడం కష్టం. మామ ఆ వాదనను వదిలి, తన దగ్గరున్న బలమైన సాక్ష్యం తీశారు.

మామ: అమెరికాల దీని మీద లెక్కలు తీసిన్రు. న్యూయార్క్‌ల లాటరీ అన్న కదా. లాటరీ తగిలినోళ్లు, తగలనోళ్లు అన్నిట్ల ఒకే తీరు పిల్లలు. 2005 నుంచి 2008 దాకా అర్జీ పెట్టినోళ్లను తర్వాత ఏండ్లు ఏండ్లు గమనించిన్రు. లాటరీ తగిలినోళ్లల్ల జైలుకు పోయినోళ్లు తక్కువ, సచ్చిపోయినోళ్లు తక్కువ. షికాగోల 2012ల ఎనిమిది వారాల పని ఇస్తే, ఆ తర్వాత పదహారు నెలల్ల హింస కేసుల్ల అరెస్టులు 43 శాతం తగ్గినయి. సారా హెల్లర్ అనే ఆమె సైన్స్ పత్రికల రాసింది.

కోడలు: న్యూయార్క్ లెక్కల ఇంకేం తేలింది? అది కూడా చెప్పు.

మామ: ఆ సంవత్సరం పిల్లల సంపాదన పెరిగింది. తర్వాత సంవత్సరాలల్ల పెరగలేదు. కాలేజీల చేరినోళ్ల సంఖ్యల కూడా తేడా రాలేదు.

కోడలు: మరి నీ అర్జీల భవిష్యత్తు ఉద్యోగాలకు పునాది అని ఎందుకు రాసినవు?

మామ: ఆ మాట కొట్టేస్త. కానీ బిడ్డా, ఒక ఎండాకాలం పని పిల్లగాని ప్రాణం కాపాడిందంటే అది చిన్న సంగతా?

కోడలు: కాదు. అయితే వాళ్ల వీధుల్ల తుపాకులున్నయి, మన వీధుల్ల బస్సులున్నయి. మన పిల్లలను తీసుకపోయేది బస్సే. ఏప్రిల్‌ల హైదరాబాద్ పోయిన పిల్లగానికి నెలాఖరుకు చేతుల పైసలు పడ్తయి. జూన్‌ల వస్త అంటడు. మేస్త్రీయో, మేనేజరో ఇంకో రెండు నెలలు ఉండు అంటడు. మూడో సంవత్సరం ఫీజు కట్టే తారీఖు దాటిపోతది. ఇగ రాడు. మా చిన్నాయిన కొడుకు అట్లనే ఆగిండు. ఉన్నచోట పని కావాలని నువ్వు అడుగుతున్నవు. మన పిల్లలకు అయిపోయే పని కావాలె. ఫలానా తారీఖుకు బంద్ అయితది, ఆ తెల్లారి కాలేజీల ఉండాలె అని ముందే రాసి ఉండే పని. సేటు అట్ల ఎన్నడూ రాయడు. రాసేది సర్కారే.

ఆ పూట నాకు అందరికన్నా గట్టిగా తగిలిన మాట ఇదే. పాలమూరు కూలి అన్న పేరు దేశమంతా ఆనకట్టల దగ్గర, రోడ్ల దగ్గర తరాల తరబడి వినిపించింది. వెళ్లినవాళ్లలో ఎక్కువ మంది ఎప్పటికీ పోవాలని వెళ్లలేదు, ఒక కరువు ఏడాది గట్టెక్కుదామని వెళ్లారు. ఇప్పుడు నీళ్లు వచ్చాయి, వలస తగ్గింది. అయితే చదువు మధ్యలో ఆగి పట్నంలో నిలిచిపోయే పిల్లల వలసను మనం వలస అని లెక్కపెట్టడం లేదు. కాలేజీ రిజిస్టర్‌లో వాళ్లు డిస్‌కంటిన్యూడ్. అంతటితో వాళ్ల కథ ఎవరికీ పట్టదు.

మామ: అయిపోయే పని అన్నవు. బాగుంది. మరి ఇప్పుడున్న పథకాలు చూడు, ఒక్కటన్నా వీళ్లకు పనికొస్తదా? ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ అని 2024 అక్టోబర్‌ల తెచ్చిన్రు. నెలకు 5000, అందుల 4500 కేంద్రం ఇస్తది, 500 కంపెనీ ఇస్తది. కానీ 21 నుంచి 24 ఏండ్ల వాళ్లకే, రెగ్యులర్‌గా కాలేజీకి పోయేటోళ్లకు లేదు. ఇచ్చేది దేశంల పెద్ద 500 కంపెనీలు. 5000తోటి హైదరాబాద్‌ల హాస్టల్ కిరాయి, తిండి ఎట్ల వెళ్తది? అప్రెంటిస్‌ల స్టైపెండుల పాతిక శాతం, 1500 మించకుండ కేంద్రం ఇచ్చే పథకం 2016 నుంచి ఉన్నది. అదీ రెండు నెలల పిల్లగానికి కుదరదు. మన రాష్ట్రం ఈ సంవత్సరం రాజీవ్ యువ వికాసం అని 6000 కోట్లు పెడతమన్నది. అది సొంతంగా దుకాణమో, బండో పెట్టుకునేటోళ్లకు. చదువుకుంట ఎండాకాలం కష్టపడదామనే పిల్లగానికి వీటిల ఏదీ లేదు. అందుకే అర్జీ రాసిన.

కోడలు: అర్జీ రాసుడు తప్పని నేను అనలేదు. సేటును తీసెయ్ అంటున్న. భావురావ్ పాటిల్ గురించి నువ్వే నాకు చెప్పినవు. మహారాష్ట్రల 1919ల రయత్ శిక్షణ్ సంస్థ పెట్టి, పేద పిల్లలు పనిచేసుకుంట చదువుకునే పద్ధతి తెచ్చిండు. ఆయన ఏ వ్యాపారికీ సగం కూలి కట్టలేదు. పొలం సంస్థది, పని సంస్థది, పిల్లగాని కష్టం పిల్లగాని చదువుకే పోయింది.

మామ: మరి మన దగ్గర సర్కారు ఏం పని చూపిస్తది? ఊరికే రిజిస్టర్ల సంతకం పెట్టిచ్చి పైసలిస్తే అదీ పిల్లలకు చేటే. నేను ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులు నడిపిన. పని లేని క్యాంపుల పిల్లలు ఏం నేర్చుకుంటరో నాకు తెలుసు.

కోడలు: ఎండాకాలం ఊర్ల జరిగే పెద్ద పని ఏంది? యాసంగి వడ్లు. ఏప్రిల్, మే నెలల కొనుగోలు కేంద్రం చూసినవా? ఐకేపీ మహిళా సంఘాల అక్కలు ఇద్దరు ముగ్గురు ఉంటరు. తేమ చూడాలె, 17 శాతం దాటొద్దు. తూకం రాయాలె, సంచులు లెక్కపెట్టాలె, ట్యాబ్‌ల ఎక్కించాలె, లారీ కోసం ఫోన్లు చెయ్యాలె. రైతు వడ్లు కుప్ప పోసి రాత్రింబవళ్లు కాపలా పండుకుంటడు. అకాల వానొస్తే కుప్ప తడుస్తది. మిల్లు కాడికి పోయినంక తరుగు అని సంచికి ఇంత కోస్తరు. ఏ సంచి ఎంత తూగింది, మిల్లుల ఎంత రాసిన్రు అని రెండు చోట్లా రాసుకునే చదువుకున్న పిల్ల ఒకతి ఉంటే ఆ కోత ఎక్కడ పడ్డదో బయటపడదా? ఇది ఇంతకుముందు ఎవరూ చెయ్యని పని. ఏ ముసలవ్వ కూడూ పోదు.

మామ: మిల్లు వాళ్లతోటి కొట్లాట పెట్టుకునే పని పందొమ్మిదేండ్ల పిల్లకు అప్పజెప్తవా?

కోడలు: కొట్లాట కాదు, రాసుడు. సామాజిక తనిఖీ పిల్లలు కూడా సర్పంచులతోటి, అధికారులతోటి తలపడలేదా? వాళ్ల వెనుక సొసైటీ నిలబడ్డది. ఇక్కడ కలెక్టర్ నిలబడాలె. అది కాకుంటే భూగర్భ జలం కొలిచేది, చెరువుల నిండు నీటిమట్టం హద్దు చెప్పే ఎఫ్‌టీఎల్ రాళ్లు చూసేది, పాలెం వ్యవసాయ పరిశోధన కేంద్రం కింద మట్టి నమూనాలు తెచ్చేది, నల్లమల చెంచు పెంటలల్ల పిల్లలకు ఆధార్, కుల సర్టిఫికెట్ కాగితాలు నింపిపెట్టేది, మా బడికి వచ్చి ఆరో తరగతిల కూడా చదవడం రాని పిల్లలకు అక్షరాలు చెప్పేది. పని లేదని అనకు మామా. పైసలు పెట్టి అడిగేటోళ్లు లేరు.

మామ: ఆడపిల్లలు వస్తరా? నేను ఆ సంగతి ఆలోచించలేదు.

కోడలు: ఊర్లనే, లేకుంటే మండలంలనే, పొద్దుమూకక ముందు ఇల్లు చేరే పని అయితే వస్తరు. ఎండాకాలం మా దిక్కు ఆడపిల్లకు ఏమైతదో నీకు తెలువదా? ముహూర్తాలు అప్పుడే. సెలవుల్ల ఇంట్ల ఉన్న పిల్లను చూసి, సంబంధం వచ్చింది, ఇచ్చేద్దాం అంటరు. అదే పిల్ల నెలకు ఏడు వేలు ఇంటికి తెస్తుంటే, జూన్‌ల మళ్ల కాలేజీకి పోవాలని సర్కారు కాగితం చేతుల ఉంటే, ఆ తండ్రి ఒక సంవత్సరం ఆగుతడు. సంవత్సరం ఆగితే డిగ్రీ అయిపోతది. ఇది ఏ అమెరికా లెక్కల రాదు.

మామ: ఖర్చు చూద్దాం. 307 రూపాయలు, 48 రోజులు అంటే 14,736. మూడు జిల్లాల్ల మూడు వేల మందికి ఇస్తే నాలుగు కోట్ల 42 లక్షలు. ఒక ఊరి చెక్‌డ్యాములకు, రోడ్లకు పెట్టే పైసలతోటి అయిపోతది. సర్కారుకు బరువు కాదు.

కోడలు: బరువు కాదని నాకూ తెలుసు. కానీ అర్జీల మొదటి మాట వేరేది ఉండాలె. ముందు ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయిలు కట్టుమను. వేల కోట్లు కట్టలేదని పోయిన అక్టోబర్‌ల ప్రైవేటు డిగ్రీ కాలేజీలు బంద్ పెట్టినయి. కాలేజీ వాళ్లు సర్టిఫికెట్లు పట్టుకుంటున్నరు, ఫీజు నువ్వే కట్టు, సర్కారు ఇచ్చినంక వాపసు ఇస్తం అంటున్నరు. పిల్లగాడు ఎండల కష్టపడేది ఎందుకు? సర్కారు కట్టాల్సిన ఫీజు కట్టడానికి. ఇయ్యాల్సింది ఇయ్యకుండ, పని చూపించినం అని ఫోటో దిగుతరు.

మామ: అది రాస్తే ఈ అర్జీ ఆ బకాయిల ఫైలుల పడుతది. మిగతాది ఎవరూ చదవరు.

కోడలు: అది రాయకుంటే నేను సంతకం పెట్టను.

మామ: ఒక్క అర్జీల ఒక్కటే అడగాలె బిడ్డా. అధికారులతోటి పని నాకు తెలుసు.

కోడలు: పిల్లగాని జీవితంల అవి రెండు లేవు మామా. ఒక్కటే ఉన్నది. జూన్‌ల ఫీజు.

ఈ ఒక్క విషయంలో వాళ్లిద్దరూ కలవలేదు. సాయంత్రానికి అర్జీలో సేటు పోయాడు. సగం కూలి అన్నమాట పోయి, పూర్తి కూలి నేరుగా విద్యార్థి ఖాతాకు అని వచ్చింది. 18 ఏళ్లు నిండాలి, ఇంటి వంద రోజుల్లో కోయకూడదు, కాలేజీ తెరిచే ముందురోజు పని ముగియాలి అని ఆయన తన చేత్తోనే రాశారు. బకాయిల మాట మాత్రం రాయలేదు. ఆమె సంతకం పెట్టలేదు.

నన్ను అడిగారు కాబట్టి నా తీర్పు చెప్పాను. బకాయిల విషయంలో ఆమెదే న్యాయం. ప్రభుత్వం మాట ఇచ్చిన ఫీజును ఆపి, దాన్ని తీర్చుకోవడానికి పిల్లల చేత ఎండలో పనిచేయించడం సాయం అనిపించుకోదు. వేరే కాగితం మీదైనా సరే, అదే రోజు, అదే అధికారి చేతికి ఆ మాట వెళ్లాలి. వేసవి పని విషయంలో, ఆమె సవరణలు చేరిన తర్వాత, ఆయనదే న్యాయం. మూడు జిల్లాల పిల్లలకు నాలుగున్నర కోట్లు పెట్టలేని రాష్ట్రం కాదు మనది. యజమానికి ఇచ్చే రాయితీ నడిగడ్డలో ఏ చేతిదాకా జారుతుందో తెలిసి కూడా ఆ దారి తెరవడం మాత్రం క్షమించరానిది.

అర్జీకి జవాబు వచ్చేదాకా ఊరు ఊరికే కూర్చోనక్కర్లేదు. ఆ వాదన జరిగిన 2025లో ఉన్న ఉపాధి హామీ పద్ధతిలో మరుసటి ఏడాది పనుల జాబితా ఎండాకాలంలో తయారయ్యేది కాదు. అక్టోబర్ 2న మొదలయ్యే గ్రామసభల్లో ఏ పని కావాలో ఊరు చెప్పేది, అక్కడ చెప్పినవాటి నుంచే ఆ ఏడాది లేబర్ బడ్జెట్ తయారయ్యేది. గట్టులో ఉన్నా, పెబ్బేరులో ఉన్నా, కొల్లాపూర్‌లో ఉన్నా, మీ ఇంట్లో 18 నిండిన డిగ్రీ విద్యార్థి ఉంటే పనులు తేల్చే గ్రామసభకు వెంటబెట్టుకుని వెళ్లండి. చెరువు కొలిచే పని, ఊరి లెక్కలు చదివే పని మా పిల్లలకు కావాలని అడిగి, అది తీర్మానాల పుస్తకంలో రాసేదాకా అక్కడే కూర్చోండి.